ప్రశ్నించే ప్రేతం, మాటలేని జాంబీ: తెలుగు భయానక చలనచిత్రాలు – ప్రేక్షకాభిరుచి

ప్రస్తావన

తెలుగు సాహిత్య విమర్శలో శృంగార, వీర, కరుణ రసాలకు దక్కిన చోటు భయానక, బీభత్సాలకు దక్కలేదు. ప్రబంధాలలోని యుద్ధవర్ణనలను, శ్మశానవర్ణనలను పరిశీలించేటప్పుడు వీటి ప్రస్తావన వచ్చినా అది అంగరసాల చర్చగానే ముగుస్తుంది. ఆధునిక కాలంలో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' వారపత్రికలో ధారావాహికగా వెలువడి విశేషమైన పాఠకాదరణ పొందినప్పుడు 'క్షుద్ర సాహిత్యం' అనే పేరుతో విస్తృతమైన వాదవివాదాలు జరిగాయి. ఆ వాదాలలో మూఢవిశ్వాసాలకు ఊతం దొరుకుతున్నదా లేదా అనే ప్రశ్న ప్రధానమైంది. అది అవసరమైన ప్రశ్నే. అయితే అంతమంది పాఠకులు ఆ భయాన్ని కోరి ఎందుకు చదివారన్న రెండో ప్రశ్న వెనుకబడిపోయింది.

చలనచిత్రాల విషయంలోనూ ఇదే జరిగింది. దెయ్యాల సినిమాలను ఇష్టపడేవారు తమకు నచ్చినవాటిని ఒకరితో ఒకరు చెప్పుకోవడం తెలుగునాట సర్వసాధారణం. హాస్టల్ గదులలో, రాత్రి విధులు ముగించుకొని వచ్చే బస్సులలో, పెళ్ళిళ్ళకు చేరిన బంధువుల మధ్య ఈ ముచ్చట సాగుతుంది. 'రాత్రి', 'అరుంధతి', 'మసూద' వంటి తెలుగు చిత్రాల పక్కనే 'ది ఎగ్జార్సిస్ట్', 'ఈవిల్ డెడ్', 'ట్రైన్ టు బుసాన్' వంటి పరభాషా చిత్రాలు కూడా ఆ మాటల్లోకి వస్తాయి. ఈ ఎంపికలను కాలక్షేపంగా కొట్టివేయకుండా అభిరుచికి సాక్ష్యాలుగా గ్రహిస్తే ఒక విషయం తేటపడుతుంది. తెలుగు ప్రేక్షకుడికి ఆప్తమైన ప్రేతం మాట్లాడుతుంది, తనకు జరిగిన అన్యాయాన్ని చెబుతుంది, తీర్పు అడుగుతుంది. మాటలేని జాంబీ తెలుగులోకి వచ్చినప్పుడు దానికి కూడా ఒక ఇంటిపేరు, ఒక ప్రాంతం, ఒక పాతపగ సమకూర్చవలసి వచ్చింది. ఈ అభిరుచికి గల సాంస్కృతిక మూలాలను, దాని బలాన్ని, దానిలోని ప్రమాదాన్ని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

దయ్యము – దైవము

'దయ్యము' అనే పదాన్ని నిఘంటుకారులు 'దైవము'నకు వికృతిగా పేర్కొన్నారు. ప్రాచీన కావ్యభాషలో ఈ పదం దేవత అనే అర్థంలోనూ ప్రయుక్తమైంది. కాలక్రమంలో అర్థం సంకోచించి పిశాచానికి మాత్రమే పరిమితమైంది. పూజ అందుకునే శక్తికీ, భయపెట్టే శక్తికీ ఒకే శబ్దం మూలం కావడం యాదృచ్ఛికమనిపించినా, గ్రామదేవతల ఆరాధనలో ఈ సామీప్యం నేటికీ కనిపిస్తుంది. అకాలమరణం పొందిన స్త్రీ పేరంటాలై గుడి కట్టించుకుంటుంది. మొక్కు తీర్చకపోతే పీడిస్తుంది. కోడి రామకృష్ణ దర్శకత్వంలో 'అమ్మోరు' (1995), 'అరుంధతి' (2009) రెండూ రావడం ఈ దృష్టితో గమనింపదగినది. మొదటిది దేవత కథ, రెండవది ప్రేతం కథ. రెండింటిలోనూ స్త్రీకి జరిగిన హింస, దానికి సమాధానంగా లేచిన శక్తి ఇతివృత్తానికి ఆధారాలు.

శవం లేచి మాట్లాడటం కూడా తెలుగువారికి కొత్త విషయం కాదు. 'చందమామ' పత్రిక చదివి పెరిగిన తరాలకు విక్రమార్కుడి భుజం మీది శవం సుపరిచితం. ఆ శవంలోని బేతాళుడు రాజును కరవడు, తరమడు. కథ చెబుతాడు, కథ చివర ఒక ప్రశ్న వేస్తాడు, తెలిసి కూడా సమాధానం చెప్పకపోతే తల పగులుతుందని హెచ్చరిస్తాడు. ఆ ప్రశ్నలు చాలావరకు న్యాయనిర్ణయానికి సంబంధించినవి: తప్పెవరిది, హక్కెవరిది, త్యాగంలో ఎవరిది అధికం. మృతుడు జీవించి ఉన్నవారిని తీర్పు అడగడం అనే కథాసంప్రదాయం ఇక్కడ స్పష్టంగా ఉంది. తెలుగు దెయ్యాల సినిమాలోని ద్వితీయార్ధపు 'ఫ్లాష్‌బ్యాక్' ఈ సంప్రదాయానికి కొనసాగింపు.

'జీవచ్ఛవం' అనే మాట కూడా ఇక్కడ పరిశీలించదగినది. అక్షరార్థంలో అది బతికి ఉన్న శవమే. కానీ తెలుగులో ఆ మాట వినగానే కలిగేది జాలి. ఆశలన్నీ ఉడిగిన మనిషిని, దీర్ఘరోగిని, బిడ్డను పోగొట్టుకున్న తల్లిని ఆ మాటతో చెబుతారు. పద్యనాటకరంగంలో అత్యంత ప్రజాదరణ పొందిన శ్మశానరంగం 'హరిశ్చంద్ర' నాటకంలోని కాటిసీను. జాషువ శ్మశాన పద్యాలు చేరిన తర్వాత దాని ఆదరణ మరింత పెరిగింది. అక్కడ కూడా ప్రేక్షకుడు పొందేది భయం కాదు, కరుణతో కూడిన వైరాగ్యం. అందువల్లనే కాబోలు, ఆంగ్లచిత్రాల్లోని 'జాంబీ'ని చెప్పడానికి చేతిలో ఉన్న 'జీవచ్ఛవం'ను ఎవరూ వాడలేదు. పరాయి భయానికి పరాయి పేరే నిలిచింది.

భరతుడి విభజన – అపరాధజన్య భయానకం

నాట్యశాస్త్రంలో భయానకం మూడు విధాలుగా చెప్పబడింది: వ్యాజం వల్ల కలిగేది, అపరాధం వల్ల కలిగేది, బెదిరింపు వల్ల కలిగేది. మొదటిది నటించిన భయం. రెండవది తప్పు చేసినవాడి భయం. మూడవది ఎదుటి ఉపద్రవం వల్ల కలిగే త్రాసం. బీభత్సం నుండి భయానకం పుడుతుందని కూడా భరతుడు చెప్పాడు. రక్తాదులను చూసినప్పుడు కలిగే క్షోభను బీభత్సభేదాలలో చేర్చాడు.

ఈ విభజనను చలనచిత్రాలకు అన్వయిస్తే జాంబీ చిత్రం మూడవ కోవకు చెందుతుంది. బీభత్సదర్శనం నుండి నేరుగా పుట్టిన త్రాసం అది. తరుముతున్నవాడితో తరమబడేవాడికి పూర్వసంబంధం ఏదీ లేదు. తెలుగు దెయ్యాల సినిమా ప్రధానంగా రెండవ కోవలోనిది. అక్కడ భయానికి వెనుక ఒక అపరాధం ఉంటుంది. అది ఎవరిదన్నదే కథ. ప్రేక్షకులు తమకు ఇష్టమైన సినిమాను చెప్పుకునే తీరు కూడా దీనికి అనుగుణంగానే ఉంటుంది. ఉలిక్కిపడిన ఘట్టాలను ఒకటి రెండు వాక్యాల్లో ముగించి, ఆ ఆత్మ ఎవరు, బతికి ఉండగా ఏం జరిగింది, ఎవరు చంపారు అన్న వృత్తాంతాన్ని విస్తరించి చెబుతారు. భయం కథకు ద్వారం మాత్రమే.

స్థలం: తుర్కయాంజాల్ వంటి ఊళ్ళు

అపరాధం ఎక్కడో ఒకచోట జరగాలి. ఆ చోటు తెలుగు సినిమాలో ఎలా మారుతూ వచ్చిందో చూడటానికి హైదరాబాద్ శివారు మంచి ఉదాహరణ. నాగార్జునసాగర్ రహదారిపై ఇబ్రహీంపట్నం వైపు వెళ్ళే దారిలో ఉన్న తుర్కయాంజాల్ ఒకప్పుడు మాసబ్ చెరువును, పొలాలను ఆనుకొని ఉన్న గ్రామం. నగరం విస్తరించడంతో పొలాలు వెంచర్లయ్యాయి; వెంచర్లలో ప్లాట్లు, ప్లాట్లలో డ్యూప్లెక్స్ ఇళ్ళు, అపార్ట్‌మెంట్లు వెలిశాయి. తెలుగు చిత్రనిర్మాణానికి కేంద్రంగా 1996లో ప్రారంభమైన రామోజీ ఫిల్మ్ సిటీ కూడా ఇదే రంగారెడ్డి జిల్లాలో ఉంది. ఇటువంటి చోట స్థిరపడిన కుటుంబాలకు ఇల్లు జీవితకాలపు సంపాదన. కొనేముందు వారు అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: ఈ నేల ఇంతకుముందు ఎవరిది? ఆ ప్రశ్నకు సమాధానం లింక్ డాక్యుమెంట్లలో వెతుకుతారు.

భయానక చిత్రాలు కూడా అదే ప్రశ్న అడిగాయి. రాంగోపాల్ వర్మ 'రాత్రి' (1992)లో ఒక మధ్యతరగతి కుటుంబం కొత్త ఇంటికి మారుతుంది. ఆ ఇంటి గతం కుమార్తెను పట్టుకుంటుంది. ఆయనే తీసిన 'దెయ్యం' (1996)లో నగరానికి దూరంగా ఉన్న ఫాంహౌస్ రంగస్థలం. రవిబాబు 'అవును' (2012)లో కొత్తగా పెళ్ళయిన జంట కొత్త ఇంట్లో అడుగుపెడుతుంది. సాయికిరణ్ దర్శకత్వం వహించిన 'మసూద' (2022)లో పక్కపక్క ఫ్లాట్లు కథకు కేంద్రం. 'అరుంధతి'లోని గద్వాల సంస్థానపు కోట వైభవాన్ని మినహాయిస్తే, మూడు దశాబ్దాలలో ప్రేతం పాడుబడిన దివాణాలను విడిచి బ్యాంకు రుణంతో కొన్న ఇంటికి చేరింది. దస్తావేజులో లేని పూర్వచరిత్రను ప్రేతం చెబుతుంది. శివారు ప్రేక్షకుడు ఈ చిత్రాలను తనవిగా గుర్తించడానికి ఇది ఒక ప్రధాన కారణం. పొలం పోయినవాడి బాధ, ప్లాటు కొన్నవాడి దిగులు ఒకే నేల మీద ఉన్నచోట అపరాధజన్యమైన భయానికి ప్రత్యేకమైన వివరణ అవసరం లేదు.

ప్రేతం భాష

తెలుగు దెయ్యాల సినిమాలో ప్రేతానికి పేరు ఉన్నట్లే భాష కూడా ఉంటుంది. ఫాజిల్ దర్శకత్వంలో వచ్చిన మలయాళ చిత్రం 'మణిచిత్రతాళు' (1993), దాని ఆధారంగా వచ్చిన కన్నడ 'ఆప్తమిత్ర' (2004), తమిళ 'చంద్రముఖి' (2005) ఈ సందర్భంలో విలువైన సాక్ష్యాలు. మలయాళంలో నాట్యకత్తె తంజావూరుకు చెందినది, తమిళం మాట్లాడుతుంది. కన్నడ, తమిళ చిత్రాలలో ఆమె తెలుగు మాట్లాడుతుంది. అదే తమిళ చిత్రం తెలుగులోకి అనువాదమైనప్పుడు ఆమె భాష తిరిగి తమిళమైంది. ప్రతి భాషా తన ప్రేతానికి పొరుగుభాషను కేటాయించింది. ఇంట్లో మరో మనిషి ఉన్నదన్న సంగతి ముందుగా చెవికి తెలుస్తుంది. ఈ కథలో ఉన్నది నిజమైన ప్రేతం కాదు, మానసికవ్యాధి. అయినా రోగిని బాగుచేయడానికి వైద్యుడు చేసిన పని, మృతురాలి ఫిర్యాదును చివరిదాకా విని ఆమె కోరిన తీర్పును నటించి చూపడం. బేతాళుడి ప్రశ్నకు విక్రమార్కుడు ఇచ్చే సమాధానానికి ఇది ఆధునిక రూపం.

'మసూద'లో భాష మరింత సూక్ష్మంగా పనిచేస్తుంది. భర్తకు దూరంగా కుమార్తెతో ఒంటరిగా ఉన్న నీలం ఇంట్లో తెలుగు, ఉర్దూ సంస్కారాలు కలిసి ఉంటాయి. కుమార్తె నాజియాను ఆవహించిన ప్రేతం పేరు ముస్లిం స్త్రీ పేరు. దాన్ని ఎదుర్కొనే విధానం కూడా పీర్ల సంప్రదాయానికి చెందినది. తెలుగు దెయ్యాల సినిమాకు అలవాటైన నిమ్మకాయలు, ముగ్గులు, మంత్రవాది స్థానంలో దర్గాల దగ్గర తెలంగాణ ప్రజలకు పరిచయమైన తాయెత్తులు, దువాలు వచ్చాయి. ఊరి పేరులోనే 'తుర్క' అనే మాటను మోస్తున్న తుర్కయాంజాల్ వంటి చోట్ల ఈ వాతావరణం పరాయిది కాదు. గాలి సోకిన బిడ్డను గుడికీ దర్గాకీ రెండింటికీ తీసుకువెళ్ళే అలవాటు ఈ ప్రాంతపు కుటుంబాలలో పాతదే. అయితే ముస్లిం స్త్రీని భయానికి మూలంగా నిలిపిన చిత్రం ఆ సముదాయంపై ఉన్న అనుమానాలను పోషించే అవకాశం ఉందన్న ఆక్షేపణను తోసిపుచ్చలేము. బాధితురాలు, ఆమె తల్లి, రక్షకుడు కూడా అదే సాంస్కృతిక పరిధిలో ఉండటం ఆ అవకాశాన్ని తగ్గించింది, పూర్తిగా తొలగించలేదు.

జాంబీకి ఇంటిపేరు

జాంబీ పుట్టుక కరీబియన్ ద్వీపాలలోని హైతీలో ఉంది. చెరకు తోటలలో బానిసలుగా మగ్గినవారికి చావు ఒక్కటే విడుదల. చచ్చిన తర్వాత కూడా మరొకరి ఆజ్ఞకు లోబడి పనిచేయవలసి వస్తుందేమోనన్న భీతి నుండి ఆ విశ్వాసం రూపుదిద్దుకుంది. 'వైట్ జాంబీ' (1932) దానిని వెండితెరకు ఎక్కించింది. జార్జ్ రొమేరో 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' (1968) ఆ పదాన్ని వాడకుండానే నేటి జాంబీకి రూపం ఇచ్చింది: యజమాని లేని, మాటలేని, గుంపుగా కదిలే శవం. బానిస కథ అంటురోగం కథగా మారింది. ఈ మార్పులో మృతుడి ఫిర్యాదు పోయింది.

దక్షిణాదిలో తమిళ చిత్రం 'మిరుదన్' (2016) ఈ కోవలో తొలి ప్రయత్నం. అది తెలుగులోకి 'యమపాశం' అనే పేరుతో వచ్చింది. రోగం వల్ల లేచిన శవాల కథకు అనువాదకులు యముడిని తోడు తెచ్చుకోవడం గమనార్హం. యముడు పాపపుణ్యాలు విచారించేవాడు. అపరాధం లేని భయానికి శీర్షికలోనైనా ఒక న్యాయమూర్తి అవసరమయ్యాడు.

ప్రశాంత్ వర్మ దర్శకత్వంలో 2021 ఫిబ్రవరి 5న విడుదలైన 'జాంబీ రెడ్డి' ఈ ప్రక్రియను పూర్తిచేసింది. హైదరాబాద్ నుండి మిత్రుడి పెళ్ళికి కర్నూలు ప్రాంతానికి వెళ్ళిన యువబృందం, అక్కడి ఫ్యాక్షన్ కుటుంబాల పోరు, మహమ్మారి నేపథ్యంలో జరిగిన ప్రయోగం వల్ల వ్యాపించిన జాంబీలు ఇందులో కలుస్తాయి. శీర్షికలోని రెండు పదాలలో మొదటిది ఎవరికీ చెందని శవం; రెండవది కులం, వంశం, ప్రాంతం అన్నీ పలికే పేరు. 'సమరసింహారెడ్డి' (1999), 'ఇంద్ర' (2002) వంటి చిత్రాలు స్థిరపరచిన ఫ్యాక్షన్ కథలో పగ తండ్రితో చావదు, కొడుకులో లేస్తుంది. కొడవళ్ళతో తరిమే గుంపు, పళ్ళతో తరిమే గుంపు తెరపై పక్కపక్కన నిలిచినప్పుడు ప్రేక్షకుడు నవ్వుతాడు. ఆ నవ్వులో ఒక గుర్తింపు ఉంది. వంశపారంపర్యమైన పగ కూడా ఒకరినుండి ఒకరికి అంటుకునేదే. ఈ విధంగా అపరాధం లేని జాంబీకి తెలుగు సినిమా ఒక అపరాధాన్ని సమకూర్చింది. అయితే ఈ పోలిక మీద చిత్రం ఎక్కువసేపు నిలవలేదు. ఫ్యాక్షన్‌ను వేళాకోళం చేసినంత సులువుగా దాని బాధితులను తలచుకోలేదు. రాయలసీమను హింసకు పర్యాయపదంగా చూపే పాత అలవాటును కూడా విడిచిపెట్టలేదు.

హాస్యంలోకి మళ్ళింపు

'ప్రేమకథా చిత్రమ్' (2013), 'గీతాంజలి' (2014), 'రాజు గారి గది' (2015) విజయాల తర్వాత భయానక హాస్యచిత్రాలు ఒక ప్రవాహంగా వచ్చాయి. భరతుడు చెప్పిన వ్యాజభయం, అంటే నటించిన భయం, ఇక్కడ హాస్యానికి విభావమైంది. మహి వి. రాఘవ్ 'ఆనందో బ్రహ్మ' (2017) ఈ క్రమాన్ని తలక్రిందులు చేసి, మనుషులను చూసి దెయ్యాలు భయపడే పరిస్థితిని కల్పించింది. బతికినవారి కష్టాలు చావుకన్నా భయంకరమన్న వ్యంగ్యం దానిలో ఉంది. ఇతర చిత్రాలలో మాత్రం నవ్వు పెరిగినకొద్దీ ప్రేతం ఫిర్యాదు చిన్నదైంది. ఇష్టమైన సినిమాలు చెప్పుకునేటప్పుడు వీటి నుండి హాస్యఘట్టాలే గుర్తుకు వస్తాయి. ఆత్మ పేరు గుర్తుకు రాదు.

అపరాధం ఎవరిది?

మాట్లాడే ప్రేతాన్ని కోరే ఈ అభిరుచిని ప్రశంసించి ఊరుకోవడానికి వీలులేదు. దానిలో రెండు ప్రమాదాలున్నాయి.

మొదటిది స్త్రీకి సంబంధించినది. ఈ చిత్రాలలో అన్యాయం చెప్పుకొనే ఆత్మ చాలావరకు స్త్రీది. బతికి ఉండగా ఎవరూ వినని మాటను చచ్చిన తర్వాత ఊరంతా వింటుంది. 'అరుంధతి'లో జేజమ్మ తన మరణాన్నే ఆయుధంగా మలచుకొని మరుజన్మకు అందించవలసి వస్తుంది. న్యాయం దొరకడానికి స్త్రీ చనిపోవాలన్న ఈ నియమాన్ని ప్రేక్షకుడు అంగీకరిస్తున్నాడు. ప్రేతం కథను కన్నీళ్ళతో వినే కుటుంబం, అదే ఇంట్లో బతికున్న కోడలి మాటను వింటున్నదా అన్న ప్రశ్న సినిమా వెలుపల మిగిలిపోతుంది.

రెండవది చేతబడికి సంబంధించినది. తెలంగాణ గ్రామాలలో బాణామతి, చేతబడి నెపంతో మనుషులను కొట్టడం, చంపడం చరిత్రలో ఉన్నది. పూర్తిగా గతం కూడా కాలేదు. కార్తీక్ దండు 'విరూపాక్ష' (2023) కథ 1979లో ఒక గ్రామం క్షుద్రపూజల అనుమానంతో దంపతులను సజీవదహనం చేయడంతో మొదలవుతుంది. 1991లో ఊరు అనుభవించే మరణాలు ఆ మంటకు ప్రతీకారాలు. అపరాధజన్య భయానకానికి ఇంతకన్నా మంచి నిదర్శనం దొరకదు: తప్పు చేసినది ఊరు, భయపడుతున్నదీ ఊరే. అయితే కథలో క్షుద్రశక్తి నిజమని తేలడంతో ఆనాటి గుంపు అనుమానానికి వెనుకనుండి సమర్థన దొరికింది. మంట పెట్టినవారి అపరాధం పలచబడింది. 'మా ఊరి పొలిమేర' (2021) విషయంలోనూ చేతబడిని కథాకౌశలానికి సాధనంగా వాడుకోవడం కనిపిస్తుంది. 'క్షుద్ర సాహిత్యం' చర్చలో విమర్శకులు వెలిబుచ్చిన ఆందోళనకు ఈ చోట నేటికీ విలువ ఉంది. వారు ప్రేతకథలన్నింటినీ ఒకే గాటన కట్టారు. ప్రేతం చేత తీర్పు అడిగించే కథకూ, అనుమానితుడిని నేరస్థుడిగా నిర్ధారించే కథకూ భేదం ఉంది. ఆ భేదాన్ని నిర్ణయించడం విమర్శ చేయవలసిన పని.

ముగింపు

'జాంబీ రెడ్డి' విడుదలైన కొద్ది వారాలకే కోవిడ్ రెండవ విడత దేశాన్ని కుదిపింది. ఆ రోజుల్లో మనిషి మనిషికి దూరంగా జరిగాడు. ఎంతోమంది ఆప్తుల చేతి స్పర్శ లేకుండా, కర్మకాండ లేకుండా, ముఖం కూడా కనబడకుండా వెళ్ళిపోయారు. తెరపై నవ్వించిన దృశ్యం, సోకినవాడిని చూసి పారిపోవడం, ఇంటి వాకిట్లోకి వచ్చింది. పేరు, కథ, వీడ్కోలు లేని మరణం ఎంత దుర్భరమో అప్పుడు అనుభవానికి తెలిసింది. జాంబీ చిత్రం చూపే అసలు భయం అదే: మృతుడు ఒక సంఖ్యగా, ఒక గుంపుగా మారిపోవడం.

ఈ నేపథ్యంలో తెలుగు ప్రేక్షకుల అభిరుచిని మరోసారి పరిశీలిస్తే, దాన్ని వెనుకబాటుతనంగా లెక్కించడం సరికాదని తోస్తుంది. చనిపోయినవారికి పేరు ఉండాలని, వారి మాట వినాలని, జరిగిన తప్పు ఎవరిదో తేలాలని ఆ అభిరుచి కోరుతున్నది. బేతాళ కథల నుండి 'మసూద' వరకు ఈ కోరిక అవిచ్ఛిన్నంగా ఉంది. ఒక ప్రాంతపు ప్రేక్షకులు ఏ ప్రేతాన్ని ఇష్టంగా తలచుకుంటున్నారో నమోదు చేయడం, ఆ కథనాలలోని మాండలికాన్ని, స్థానిక విశ్వాసాలను, భూమికి సంబంధించిన జ్ఞాపకాలను సేకరించడం తెలుగు శాఖల పరిశోధనకు తగిన పని. పాత ఊళ్ళు కాలనీల కింద కనుమరుగవుతున్న తుర్కయాంజాల్, ఇబ్రహీంపట్నం పరిసరాలలో ఆ సేకరణ ఆలస్యం చేయదగినది కాదు. ఏ చెట్టు కింద ఎవరున్నారని చెప్పుకొనేవారో తెలిసిన తరం వెళ్ళిపోతే, ఆ నేల మీద ఎవరికి అన్యాయం జరిగిందో చెప్పే ఆధారాలలో ఒకటి వారితోపాటే పోతుంది.